పెనాంగ్‌లో నాలుగు గంటల ఇరవై నిమిషాలు

మా ఓడ ప్రయాణానికి ఏజెంటు ఇచ్చిన కాగితం మీద "పెనాంగ్, సాయంత్రం 4 నుంచి రాత్రి 10 వరకు" అని ఉంది. అంటే మలేషియాలోని ఆ రేవులో ఆరు గంటలు. బరంపురం కోర్టుపేటలో మా వరండాలో కూర్చుని, ఆ ఆరు గంటల్లో ఏమేం చూడొచ్చో పదిహేను రోజులు లెక్కలు వేశాను. తీరా అక్కడ దిగాక మా చేతికి దక్కింది నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఇప్పుడు మా బంధువుల్లో రెండు కుటుంబాలు అలాంటి ప్రయాణానికే డబ్బు కట్టి, ఎలా తిరిగారో చెప్పమని నన్ను అడుగుతున్నాయి. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే జరిగింది జరిగినట్టు రాయడం మేలనిపించింది.

ముందు ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి. మా తాత రంగం వెళ్ళొచ్చిన మనిషి. గంజాం, శ్రీకాకుళం వైపు వాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. బర్మాలోని రంగూన్‌ని మా పెద్దవాళ్ళందరూ రంగం అనే అనేవారు. గోపాలపురంలో ఒడ్డు నుంచి పడవ ఎక్కి, దూరంగా లంగరు వేసిన స్టీమరు దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి సముద్రం దాటి బియ్యం మిల్లుల్లో పనికి పోయేవారు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, కాలినడకన అడవులు దాటి ఇంటికి చేరినవాళ్ళలో మా తాత ఒకడు. నాన్న చిన్నప్పుడు తాత ఆయన్ని గోపాలపురం తీసుకెళ్ళి, పాత జెట్టీ మొండి స్తంభాలు చూపించి, "ఇదిగో, ఇక్కడి నుంచే" అనేవాడట. నాన్నకి ఇప్పుడు 74. ఓడ ఎక్కాలి, తూర్పున ఏదో ఒక రేవులో దిగి నేల మీద కాలు పెట్టాలి. ఆయన అడిగింది ఇంతే. "రంగమే కానక్కర్లేదమ్మా, ఏ రేవైనా పర్లేదు" అన్నారు.

అలా 2025 జనవరిలో ఐదుగురం బయల్దేరాం. నాన్న, అమ్మ, మావారు, పదహారేళ్ళ మా అమ్మాయి, నేను. బరంపురం నుంచి రైల్లో విశాఖ, విశాఖ నుంచి నేరుగా సింగపూర్ విమానం, అక్కడ ఓడ. నాలుగు రాత్రుల ప్రయాణంలో థాయిలాండ్‌లో ఫుకెట్, మలేషియాలో పెనాంగ్, తిరిగి సింగపూర్.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఓడ ఎక్కితే సింగపూర్ వదిలి వెళ్ళినట్టే, ప్రయాణం అయ్యాక దిగితే మళ్ళీ కొత్తగా లోపలికి వచ్చినట్టే. మలేషియాకి 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్ళకి 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. కానీ డిజిటల్ అరైవల్ కార్డు అని ఒక ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. అది చేరే రోజుకి ముందు మూడు రోజుల లోపే నింపాలి కాబట్టి, మేం సింగపూర్ హోటల్లో కూర్చుని ఐదుగురివీ పూర్తి చేశాం. అక్కడే కొంచెం మలేషియా రింగిట్లు కూడా మార్చుకున్నాం. అప్పుడు రింగిట్టు సుమారు 19 రూపాయలు.

ఇంకో చిన్న పని బరంపురంలోనే చేసుకోవాలి. అక్కడ టాక్సీకి అందరూ వాడే గ్రాబ్ యాప్‌ని ఇక్కడుండగానే ఫోన్లో వేసుకుని, ఓటీపీ తెప్పించుకుని, ఖాతా తెరిచి పెట్టుకోండి. రేవులో దిగాక ఓటీపీ రాక జనం నిలబడిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఇక ప్లాను. మొదట నేను రాసుకున్న జాబితాలో పదకొండు చోట్లున్నాయి. మా అమ్మాయి పెనాంగ్ కొండ ఎక్కాలంది. 833 మీటర్ల ఎత్తు, 1923 నుంచి నడుస్తున్న కొండ రైలు, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. ఎవరికి చూడాలని ఉండదు? అమ్మ కెక్ లోక్ సీ బుద్ధుడి గుడి ఫొటో చూసి, "ఇంత పెద్దదా!" అంది. నేను లెక్క వేయమని కాగితం మా అమ్మాయి చేతికే ఇచ్చాను. రెండూ ఒకే వైపు, రేవు నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు. ఆఫీసులు వదిలే వేళ కారులో ముప్పావు గంట అనుకుందాం, కొండ రైలుకి లైను ఎంతుంటుందో ఎవరికీ తెలీదు, మళ్ళీ దిగడానికి ఇంకో లైను, మళ్ళీ అదే రోడ్డు మీద వెనక్కి. అది పెన్సిలుతో కూడి, కాసేపు ఊరుకుని, "కొండ వద్దులే అమ్మా" అని తనే కొట్టేసింది.

ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం. ఒక్కొక్కరు ఒక్కటే కోరుకోవాలి. అమ్మ గుడిలో దీపం కోరుకుంది. అమ్మాయి గోడ మీద సైకిలు బొమ్మ, నీళ్ళ మీది ఇళ్ళు కలిపి ఒకటే అని లెక్కేసుకుంది, సరే అన్నాం. మావారు దాని వెంట వెళ్తానన్నారు. నాన్నని అడిగితే, "నేను దిగితే చాలు" అన్నారు. నాకు మాత్రం అందరం వేళకి తిరిగి ఓడలో ఉంటే అదే చాలు.

నాన్నకి మోకాళ్ళ నొప్పి. కిలోమీటరు నడిస్తే కాసేపు కూర్చోవాలి. అందుకని అన్నీ రేవు నుంచి నడిచేంత దూరంలోనే ఉండేలా చూశాను. పెనాంగ్‌లో ఇది పెద్ద వరం. ఓడ ఆగే స్వెట్టెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ పాత ఊరిని ఆనుకునే ఉంటుంది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన వీధులు గేటు దాటి రోడ్డు దాటితే మొదలైపోతాయి. ఫుకెట్‌లో అలా కాదు. అక్కడ ఓడ దూరంగా ఆగింది, చిన్న పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్ళారు, టాక్సీలకి మళ్ళీ గంట. కాబట్టి రేవు ఊరికి ఎంత దూరమో ముందు చూడండి, మిగతావన్నీ దాని తర్వాతే.

పెనాంగ్‌కి సాయంత్రం వెళ్ళడంలో ఇంకో లాభం నాకు ముందు తట్టలేదు. జనవరిలో బరంపురంలో ఐదున్నరకల్లా దీపాలు పెట్టేస్తాం. అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది, సూర్యుడు ఏడుంపావు దాటాక గానీ అస్తమించడు. సాయంత్రం ఐదింటికి దిగితే ఇంకా రెండు గంటలకు పైగా మంచి వెలుతురు ఉంటుంది. మధ్యాహ్నం మూసి ఉండే గుళ్ళు తెరిచి ఉంటాయి, ఎండ తగ్గుతుంది, అంగళ్ళు కళకళలాడుతుంటాయి. పగలు దిగినవాళ్ళకంటే మాకే మేలు జరిగింది.

ఆ రోజు ఓడ నాలుగింటికి కాస్త ముందే రేవుకి ఆనింది. నేను మూడింటికే అందరిచేత తినిపించేశాను. దిగాక భోజనానికి కూర్చుంటే గంట పోతుంది. కానీ ఓడ ఆనడం వేరు, మనం దిగడం వేరు. తాళ్ళు కట్టాలి, మెట్లు దించాలి, అధికారులు అనుమతి ఇవ్వాలి. ముందు ఓడవాళ్ళ సొంత టూర్లు కొన్నవాళ్ళని పంపించారు. తర్వాత మా వంతు. లైను మెట్ల మీద మూడు అంతస్తులు చుట్టుకుంది. నాన్నని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, మేం లైనులో నిలబడి, దగ్గరికొచ్చాక పిలిచాం. ఇమిగ్రేషన్ దాటి బయట పడేసరికి ఐదు పది. అటు చివర చూస్తే, పదింటికి ఓడ కదులుతుంది గానీ తొమ్మిదిన్నరకల్లా అందరూ ఎక్కి ఉండాలి. ఆరు గంటలు ఇలా రెండు వైపులా కరిగిపోయాయి. మీరు ప్లాను వేసుకునేటప్పుడు ముందు ఒక గంట, వెనక ఒక గంట తీసేసి మిగిలినదే మీ సమయం అనుకోండి.

గేటు దాటాక నాన్న రెండడుగులు వేసి ఆగిపోయారు. చేతికర్ర నేలకి గట్టిగా ఆనించి నిలబడ్డారు. కళ్ళు తిరుగుతున్నాయేమోనని నేను భుజం పట్టుకున్నాను.

"ఏం లేదమ్మా. నేల ఊగుతోంది" అన్నారు. "రంగం రేవులో దిగిన రోజు నేల ఊగిందని మా నాన్న చెప్పేవాడు. కథ చెప్తున్నాడనుకునేవాణ్ణి."

నాకూ ఊగుతున్నట్టే ఉంది. మూడు రోజులు నీళ్ళ మీద ఉంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. కానీ ఆయన ఆ ఊపు పోయేదాకా అక్కడే, రోడ్డు పక్కన, ఐదు నిమిషాలు నిలబడ్డారు. నేను తొందరపెట్టలేదు. ఆయన కోరుకున్నది అదొక్కటే కదా.

రోడ్డు దాటితే పెద్ద గడియార స్తంభం. విక్టోరియా రాణి ఏలుబడికి అరవై ఏళ్ళు నిండాయని 1897లో అక్కడి చైనా ధనికుడొకడు పూనుకుని కట్టించాడు. ఏడాదికి ఒక అడుగు చొప్పున అరవై అడుగులు. రెండో ప్రపంచ యుద్ధంలో చుట్టుపక్కల పడ్డ బాంబులకి కొంచెం ఒరిగిందని చెప్తారు. ఇటు నుంచి ఎవరు వచ్చినా అది కనిపించి తీరుతుంది కాబట్టి, అక్కడే కలుసుకుందామని ముందే అనుకున్నాం. "ఎనిమిదిన్నరకి ఇక్కడ" అని చెప్పి మావారిని, అమ్మాయిని దక్షిణం వైపు పంపించాను. మేం ముగ్గురం ఊళ్ళోకి నడిచాం. పక్కనే కార్న్‌వాలిస్ కోట. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈ దీవిని ఈస్టిండియా కంపెనీ కోసం తీసుకుని దిగిన చోటు అదే. గోడ బయటి నుంచే చూసి ముందుకు వెళ్ళాం.

లిటిల్ ఇండియా వీధులు అక్కడికి పది పన్నెండు నిమిషాల నడక, మాకు ఇరవై పట్టింది. ఒకవైపు చైనా కొత్త సంవత్సరానికి ఎర్ర లాంతర్లు కడుతున్నారు, ఇంకోవైపు పొంగలి ముగ్గులు ఇంకా చెరగలేదు. చీరల దుకాణాలు, పూలదండలు, సాంబ్రాణి వాసన. అమ్మ ఒక చీర అంచు పట్టుకుని చూసి, "మన బరంపురం పట్టుకి ఇది సాటి రాదు" అని దుకాణం అమ్మాయికి తెలుగులోనే చెప్పింది. ఆ అమ్మాయి తమిళంలో ఏదో అని నవ్వింది.

క్వీన్ స్ట్రీట్‌లో మహామారియమ్మన్ గుడి. 1833లో కట్టారు, పెనాంగ్‌లో హిందూ దేవాలయాలన్నిటికంటే పాతది. రేవులో పనికి వచ్చిన దక్షిణాది వాళ్ళు కొలుచుకున్న అమ్మవారు. గోపురం చిన్నదే గానీ బొమ్మలతో కిక్కిరిసి ఉంటుంది. చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టగానే చల్లగా ఉంది. అమ్మ నేతి దీపం పెట్టి, మన బుడీ ఠాకురాణికి మొక్కినట్టే సాష్టాంగపడింది. ఏ ఊరి అమ్మవారైనా ఆమెకి ఒకటే.

మేం గట్టు మీద కూర్చుని తెలుగులో మాట్లాడుకుంటుంటే, పక్కన పూలు కడుతున్న పెద్దావిడ తలెత్తి చూసింది. ఎనభై ఉంటాయేమో. కాసేపు విని, దగ్గరికి జరిగి, "తెలుగోళ్ళా?" అంది.

నాన్న ఒక్కసారిగా అటు తిరిగారు. "అవునమ్మా. మాది బరంపురం. ఒడిశా."

"మేమూ తెలుగోళ్ళమే అన్నా. కెడాలో రబ్బరు తోటలో పుట్టినాను. కూతురు ఇక్కడ ఉన్నాది."

ఆమె మాట నెమ్మదిగా వస్తోంది. మధ్యలో మలయ్ మాటలు, తమిళ మాటలు. కానీ ఆ "ఉన్నాది" అచ్చం మా వైపుదే. మా నాయనమ్మ అలాగే అనేది. ఊరు ఏదని నాన్న అడిగారు. ఆవిడకి తెలీదు. "మా తాత చికాకోలు అనేవాడు. ఊరి పేరు చెప్పేవాడు గానీ నాకు గుర్తు లేదు. ఇంటి ముందర ఏరు. వంశధార. అదొక్కటే గుర్తు."

చికాకోలు అంటే మన శ్రీకాకుళం, పాత పేరు. నాన్న చేతికర్ర పక్కన పెట్టేశారు. "అప్పుడు అదంతా గంజాం జిల్లాయే అమ్మా. 1936లో ఒడిశా రాష్ట్రం వేరుపడినప్పుడు మేం ఇటు ఉండిపోయాం, మీ ఊరు అటు పోయింది. అంతకుముందు మీదీ మాదీ ఒకటే జిల్లా" అన్నారు. ఆవిడకి అది పూర్తిగా అర్థమైందో లేదో, "ఒకటే జిల్లా" అన్న మాట మాత్రం రెండుసార్లు తనలో తను అనుకుంది.

ఇక నాన్న వంశధార వెంబడి ఒక్కొక్క ఊరే చెప్పడం మొదలుపెట్టారు. "గుణుపురమా? కాశీనగరమా? బత్తిలి? కొత్తూరు? హిరమండలం?" ఒక్కో పేరుకీ ఆవిడ కళ్ళు మూసుకుని, ఆ పేరు నోట్లో తిప్పుకుని, తల అడ్డంగా ఊపుతోంది. "కళింగపట్నం?" అన్నప్పుడు కాసేపు ఆగింది. "అక్కడ ఓడ ఎక్కినాడు. ఊరు అది కాదు" అంది. నిజమే, ఆ రోజుల్లో కళింగపట్నంలోనూ ఓడలు ఆగేవి.

నేను గడియారం చూసుకున్నాను. ఆరూ నలభై. నా ప్లాను ప్రకారం గుడికి ఇరవై నిమిషాలే. తర్వాత సముద్రం గట్టు మీద ఎస్ప్లనేడ్‌కి వెళ్ళి సూర్యాస్తమయం చూడాలి, పాత టౌన్ హాలు చూడాలి. నాన్న ముఖం, ఆవిడ ముఖం చూసి ఆ రెండూ మనసులోనే కొట్టేశాను. కొండని ముందే వదిలేసుకుని ఉండటం ఎంత మంచిదయిందో అప్పుడు తెలిసింది. కారు ఎక్కి ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటే ఈ గట్టు మీద ఈ మాటలే లేవు. ఆవిడ అమ్మకి మల్లెదండ తలలో పెట్టింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసేసుకుంది. మనవడి ఫోను నంబరు నా ఫోన్లో ఎక్కించుకున్నాను.

ఏడు దాటాక బయటికి వచ్చాం. వీధి చివర అంగడిలో వేడి వడలు, తే తారిక్ అనే నురుగు టీ తీసుకున్నాం. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి చాచి పోస్తారు, పేరుకి అర్థం కూడా "లాగిన టీ" అనే. అమ్మ చెండోల్ కూడా రుచి చూసింది. కొబ్బరిపాలు, ఐసు, బెల్లం పాకం, ఆకుపచ్చటి పిండి ముక్కలు. నాన్నకి షుగరు ఉంది కాబట్టి ఒక చెంచా మాత్రం ఇచ్చాం.

అక్కడికి దగ్గర్లోనే కాపిటన్ కెలింగ్ మసీదు. 1801 నాటిది. మేం దాని ముందు బల్ల మీద కూర్చున్నప్పుడు సూర్యుడు దిగి అజాన్ మొదలైంది. తెల్లటి గోడల మీద దీపాలు వెలిగాయి. మసీదు పేరులో "కెలింగ్" అంటే ఏమిటని నాన్న అడిగారు. నేను ముందే చదివి ఉన్నాను కాబట్టి చెప్పగలిగాను. కళింగ నుంచి వచ్చిన మాట అది. మన తీరం నుంచి, దక్షిణాది నుంచి వచ్చినవాళ్ళని అక్కడ ఒకప్పుడు అలా పిలిచేవారు. దక్షిణాది ముస్లింల పెద్దకి కాపిటన్ కెలింగ్ అని బిరుదు. ఇప్పుడు ఆ మాటని భారతీయుల మీద వాడితే తిట్టుగా లెక్క, కాబట్టి ఎవరితోనూ అనకండి అని కూడా చెప్పాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. ప్రతి కార్తీక పౌర్ణమికీ తెల్లవారుజామునే లేచి, ఇరుగుపొరుగు ఒడియా పిల్లలతో కలిసి అరటి డొప్పల పడవల్లో దీపాలు పెట్టి చెరువులో వదిలిన మనిషి ఆయన. కళింగ నావికులు ఇటువైపే వచ్చారని అప్పుడు చెప్పుకుంటాం. "ఊరి పేరు మోసుకొచ్చి ఇక్కడ దించారన్నమాట" అన్నారు చివరికి.

ఎనిమిదింటికి నాన్న మోకాలు మొరాయించింది. ముందు సీటు ఉన్న సైకిలు రిక్షా ఒకటి మాట్లాడి, అమ్మానాన్నల్ని ఎక్కించి, నేను ఇంకో దాంట్లో ఎక్కాను. బేరం ఎక్కకముందే ఆడుకోండి. లాంతర్ల కింద నుంచి ఆ సవారీ పది నిమిషాలే గానీ, అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఎనిమిదీ ఇరవైకల్లా గడియార స్తంభం దగ్గరున్నాం.

ఎనిమిదిన్నర అయింది. మావారు, అమ్మాయి రాలేదు. ఎనిమిదీ ముప్పావు. రాలేదు. రోమింగ్ ప్యాకు నా ఫోనుకి ఒక్కదానికే వేయించాం. వాళ్ళ దగ్గర అమ్మాయి ఫోను ఒక్కటే ఉంది, అది ఏరోప్లేన్ మోడ్‌లో ఉంది. ఓడ ఎక్కగానే అందరివీ అలా పెట్టించింది నేనే. సముద్రంలో ఓడ నెట్‌వర్క్ అంటుకుంటే బిల్లు వేలల్లో వస్తుంది. ఫోన్ చేసే దారి లేదు.

తొమ్మిది అయింది. నాకు చేతులు చల్లబడ్డాయి. ఓడవాళ్ళ టూరుకి వెళ్ళినవాళ్ళ కోసం ఓడ ఆగుతుంది గానీ, మనంతట మనం తిరిగేవాళ్ళ కోసం ఆగదు. "మీరిద్దరూ ముందు వెళ్ళిపోండి నాన్నా, నేను వాళ్ళని తీసుకొస్తాను" అన్నాను. నాన్న కదల్లేదు. "ఐదుగురం దిగాం, ఐదుగురం ఎక్కుదాం" అన్నారు. అమ్మ తలలో మల్లెదండ పట్టుకుని అమ్మవారికి మొక్కుతోంది.

తొమ్మిదీ మూడుకి రోడ్డు అవతల నుంచి పరుగెత్తుకుంటూ వచ్చారు. అమ్మాయి ఏడుపు ముఖం. జరిగింది ఇదీ. ఫుకెట్‌లో ఆ ఫోనుకి వైఫై తగిలి, అక్కడి టైముకి మారింది. థాయిలాండ్ గడియారం మలేషియా కంటే ఒక గంట వెనక. ఓడ మాత్రం ప్రయాణం అంతా సింగపూర్ టైమే పాటించింది, అదీ పెనాంగ్ టైమూ ఒకటే. ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్న ఫోను మళ్ళీ మారక ఫుకెట్ టైములోనే ఉండిపోయింది. మావారు గడియారం పెట్టుకోరు. ఎనిమిదిన్నర అయినప్పుడు వాళ్ళ ఫోన్లో ఏడున్నర. ఇంకా గంట ఉందనుకుని నిమ్మళంగా ఫొటోలు తీసుకుంటున్నారు. టీ తాగడానికి ఒక అంగడి ముందు ఆగితే లోపల గోడ గడియారం తొమ్మిదికి పది నిమిషాలు చూపించిందట. అది కనబడకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించడానికి భయమే.

టెర్మినల్లో సంచుల తనిఖీకి మళ్ళీ లైను. తొమ్మిదీ ఇరవై మూడుకి ఐదుగురం ఓడలో ఉన్నాం. నేను ఎవర్నీ ఏమీ అనలేదు. ఓడ టైము చూసుకోమని దిగేముందు నోటితో చెప్పాను గానీ, ఫోను గడియారం తీసి చూడలేదు. అది నా పొరపాటే. వెళ్ళేవాళ్ళు దయచేసి ఇది చేయండి. దిగే తలుపు దగ్గర అందరి ఫోన్లూ, గడియారాలూ ఓడ గడియారంతో ఒకసారి సరిచూడండి. రెండు గుంపులుగా విడిపోయేటట్టుంటే రెండు వైపులా పనిచేసే ఫోను ఉండాలి. ప్యాకుకి మిగిల్చిన డబ్బు ఆ ముప్పై మూడు నిమిషాలకి సరిపోదు.

అమ్మాయి కాసేపటికి తేరుకుని తను చూసినవి చెప్పింది. ఆర్మేనియన్ స్ట్రీట్‌లో నిజం సైకిలుని గోడకి ఆనించి, దాని మీద ఇద్దరు పిల్లల్ని గీసిన బొమ్మ. 2012లో లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకారెవిచ్ వేసింది. దాని దగ్గర ఫొటోకి లైను ఉందట. ఆ తర్వాత చ్యూ జెట్టీ. చైనా నుంచి వచ్చిన ఒకే ఇంటిపేరు వాళ్ళు నీళ్ళలో గుంజలు పాతి, వాటి మీద కట్టుకున్న ఇళ్ళు. చెక్క వంతెనే వాళ్ళ వీధి. "గోపాలపురం జెట్టీ స్తంభాల మీద ఇళ్ళు కడితే ఎలా ఉంటుందో అలా ఉంది తాతయ్యా" అంది. వెలుతురుండగానే అక్కడికి వెళ్ళండి. మనుషులు కాపురముండే చోటు కాబట్టి రాత్రిపూట గుమిగూడితే వాళ్ళకి ఇబ్బంది.

పదింటికి ఓడ కదిలింది. పై డెక్కు మీద నాన్న రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు. రేవు దీపాలు, గడియార స్తంభం, దూరంగా పెనాంగ్ వంతెన దీపాల వరస మెల్లగా వెనక్కి పోతున్నాయి. ఆయన ఆ ఊరి గురించి మాట్లాడతారనుకున్నాను.

"అమ్మాయ్, గొట్ట అడిగామా?" అన్నారు.

"లేదు నాన్నా."

"గార వైపు ఊళ్ళేవీ అడగలేదు కదా?"

"లేదు."

ఇంటికొచ్చి నెల దాటింది. గుర్తొచ్చిన ఊరి పేరల్లా గోడ క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసి పెడుతున్నారు. గుణుపురం నుంచి సముద్రం దాకా వంశధార రెండు గట్లూ అయిపోవచ్చాయి. మా వీధిలో పెళ్ళయి వచ్చిన హిరమండలం కోడలిని కూర్చోబెట్టి ఆరు పేర్లు రాబట్టారు. నిన్నటికి నలభై రెండు. ఈ ఆదివారం ఆ పెద్దావిడ మనవడికి నేను ఫోను కలపాలి, ఆయన ఒక్కొక్కటే చదివి వినిపిస్తారట.